అబ్జర్వ్ చేద్దాం అన్నారు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కొండ ఉంది, కఠోర ఉపవాసం ఉంది, మృత్యువుతో పోరాటం ఉంది. ఇలా మొదలుపెట్టాలని నాకూ ఉంది గానీ, జరిగింది ఇంతే: మా తాతయ్య బాత్రూములో జారిపడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది. స్పృహ వస్తోంది, పోతోంది.

రాజమండ్రిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మధ్యాహ్నం స్కాన్ చూసిన డాక్టరుగారు అమ్మమ్మతో, "లోపల కొంచెం రక్తం గడ్డకట్టిందండి. అది పెరిగితే ఆపరేషనే. ఈ వయసులో కష్టం. ఇరవై నాలుగ్గంటలు అబ్జర్వ్ చేద్దాం" అన్నారు.

"చేస్తానండి" అంది అమ్మమ్మ. ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు.

తాతయ్య ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యాడు. క్లాసు లేకుండా ఉండలేక, రోజూ కాఫీ దగ్గర అమ్మమ్మకు ఒక మాట నేర్పేవాడు. మిగిలిన ఒక్క స్టూడెంటూ బెండకాయలు తరుగుతూ వినేది. "అబ్జర్వ్ అంటే ఒకటి గమనించడం, రెండు వ్యాఖ్యానించడం, మూడు పాటించడం. నువ్వు ఏకాదశిని అబ్జర్వ్ చేస్తావు చూడు, అదన్నమాట." అమ్మమ్మ మొదటి రెండూ వదిలేసింది.

సాయంత్రం ఐసీయూ బయట ఇడ్లీ పొట్లం విప్పాను. తల అడ్డంగా ఊపింది. మంచినీళ్ళకీ అంతే.

"ఏంటమ్మమ్మా, ఇవాళ ఏకాదశి కూడా కాదు కదా?"

"డాక్టరుగారు చెప్పారుగా, ఇరవై నాలుగ్గంటలని."

"తాతయ్యని వాళ్ళు చూస్తూ ఉంటారని చెప్పారు!"

"వాళ్ళే చేసేదైతే 'చేస్తాం' అనేవారు. 'చేద్దాం' అన్నారేంటి మరి?"

వ్యాకరణం ఆవిడ వైపే ఉంది. ఇడ్లీలు నేనే తిన్నాను.

కాసేపటికి అన్నవరం కొండ ఏ వైపని అడిగింది. ఫోన్లో చూసి, లిఫ్టు వైపని చెప్పాను. అప్పటినుంచీ లిఫ్టుకి దండాలు. అందులోంచి దిగినవాళ్ళు కొందరు తిరిగి నమస్కారం పెట్టారు. నవ్వబోయి, ఆవిడ ఒళ్ళో తాతయ్య కళ్ళజోడు చూశాను. ఒక కాడ విరిగిపోయింది. ఆ అద్దాలనే పైటచెంగుతో తుడుస్తోంది, తుడిచినవే మళ్ళీ తుడుస్తోంది. అర్థాలు సరిచేయడం అక్కడితో మానేశాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ స్కాన్ తీశారు. గడ్డ పెరగలేదు. మమ్మల్ని లోపలికి రానిచ్చారు. తాతయ్య కళ్ళు చికిలించి అమ్మమ్మని చూశాడు.

"మొహం అలా పీక్కుపోయిందేంటి? తిన్నావా?"

"లేదండి. అబ్జర్వ్ చేశాను. మూడో అర్థం."

అంత నీరసంలోనూ ఆయన తప్పు దిద్దకుండా వదల్లేదు. "దేన్ని చేశావు? వాక్యంలో ఆబ్జెక్టు లేదు."

"మిమ్మల్నే" అంది అమ్మమ్మ.

అందులో దిద్దడానికి ఆయనకేమీ దొరకలేదు. మొహం గోడవైపు తిప్పుకుని, "సరే, వెళ్ళి ఏదైనా తిను" అన్నాడు.

కిందికి దిగేసరికి మూడూ పది. ఆస్పత్రి క్యాంటీను మూడింటికి మూసి, మళ్ళీ అయిదింటికి తెరుస్తారు.