అడివి కొట్టినోళ్ల ఇల్లు

మా ఇంటి చరిత్రలో పులి ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. నా చిన్నప్పుడు మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, చెప్పిన కథలో మా తాతల నాటి పెద్దమనిషి గొడ్డలితో తరిమింది ఒక దుమ్ములగొండిని. నా పెళ్లినాటికి అది చిరుత అయింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకునేసరికి పెద్దపులి అయి, తోడుగా ఇంకో ఆడపులిని కూడా వెంట తెచ్చుకుంది. మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ, అది నక్క అని, అదీ దానంతటదే పారిపోయిందని చెప్పేది. ఆమె పోయాక పులికి అడ్డం చెప్పేవాళ్లు లేకపోయారు.

కథలో మిగతాది మారేది కాదు. ఆ పెద్దమనిషి ఎడ్ల జత, ఒక గొడ్డలి, చంకన బిడ్డతో ఉన్న పెళ్లాం, ఇంతే ఆస్తిగా కోహెడ దాటి లోపలికి వచ్చాడట. అప్పుడక్కడ నరమానవుడు లేడట. అడివి కొట్టి, మొద్దులు పీకి, పొలం చేసి, బొడ్రాయిని సొంత భుజాల మీద మోసుకొచ్చి పాతాడట. ఊరు పుట్టినప్పుడు నడిబొడ్డున పాతే రాయి అది. దాన్ని పాతిన ఇల్లు మాది కాబట్టి బొడ్రాయి పండుగకు తొలి బోనం మాది, ఊరి ఆడబిడ్డలను బొట్టు పెట్టి పిలిచే పని మా ఇంటి కోడలితో మొదలు కావాలి. అడివికి రాకముందు మనవాళ్లు ఎక్కడుండేవాళ్లని అడిగితే పెద్దబాపుకు దగ్గు వచ్చేది. ఇక ఆ చంకన బిడ్డతో వచ్చిన ఇల్లాలు కథలో ఆ ఒక్కసారే కనిపిస్తుంది. తర్వాత ఆమెను పులి తిన్నదో, పెద్దబాపు మరిచిపోయాడో నాకిప్పటికీ తెలియదు.

ఉద్యమం రోజుల్లో నేను సిద్దిపేటలో ఉండేదాన్ని. బతుకమ్మలు ఎత్తుకుని నడిరోడ్డు మీదికి వెళ్లినదాన్ని, రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండినదాన్ని. ఆ కోపం మాది, ఆ ఆకలి నిజం. కొలువులు లేక తిరిగిన పిల్లలు మా వాడలోనే ఎందరో. అందుకే, ఆ నిప్పు మీద తమ ఇంటి గొప్పలు వేడి చేసుకున్నవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా పెద్దబాపు వాళ్లలో మొదటి వరసలో ఉండేవాడు. రిలే దీక్షలో కూర్చోవడానికి ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. సర్వపిండి, దాని మీదికి గడ్డపెరుగు కడుపునిండా పట్టించి, అప్పుడు వెళ్లి శిబిరంలో నిరాహారంగా కూర్చునేవాడు. మైకు చేతికి దొరికితే రాష్ట్రం సంగతి రెండు ముక్కలు చెప్పి అడివిలోకి దూరేవాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది వ్యవహారం. వినేవాళ్లు పాపం దీక్షలో ఉన్నారు, లేచి పోలేరు.

ఊరి చివర ఇంకొక ఇల్లుంది. నేను బడిలో చదివేటప్పుడు గుంటూరు వైపు నుంచి ఒక జంట వచ్చి అక్కడ రాళ్లగడ్డ కొన్నారు. అమ్మింది మా పెద్దబాపే. గడ్డి కూడా సరిగా మొలవని జాగను అంటగట్టానని అరుగు మీద కూర్చుని నెలల తరబడి నవ్వుకున్నాడు. వాళ్లు రేకుల పాక వేసుకుని, తుమ్మలు నరికి, రాళ్లేరి గట్లు పోసి, రెండు మూడేళ్లలో పత్తి తీశారు. మా ఇంటి కథలో పెద్దమనిషి చేసిన పనంతా వాళ్లు మా కళ్ల ముందే చేశారు, పులి ఒక్కటే తక్కువ. పత్తి విరగపండినప్పటి నుంచి పెద్దబాపు నవ్వు ఆగిపోయింది.

వాళ్లకొక కూతురు ఆ పాకలోనే పుట్టింది. మంత్రసానితో పాటు రాత్రంతా పక్కన కూర్చున్నది మా అమ్మ. ఆ పిల్ల మా వాకిట్లోనే ఆడి, మా ఊరి బడిలోనే చదివి, హుస్నాబాద్‌లోని ఒక ఇంటికి కోడలిగా వెళ్లింది. తండ్రి పోతే ఆ చేలోనే దహనం చేశారు. గుంటూరు వైపు ఇక వాళ్లకు ఇల్లూ లేదు, పలకరించే మనిషీ లేడు.

ఉద్యమం ముదిరాక పెద్దబాపుకు బొడ్రాయి గుర్తొచ్చింది. పాత రాయి మోకాలెత్తే ఉంది, అడివి కొట్టినోళ్ల హోదాకు అది చాలదనుకున్నాడు. దాన్ని పీకేసి, మనిషెత్తు నల్లరాయిని ఆ పెద్దమనిషి పేరు చెక్కించి పాతి, పండుగ చేయాలన్నాడు. బొడ్రాయి మీద పేరుండదని, అది ఊరి సొత్తని ముసలివాళ్లు నచ్చజెప్పారు. పాతదాన్ని కదపకుండా చుట్టూ గద్దె కట్టుకుందామన్నారు. ఆయన ఎవరి మాటైనా వింటే కదా.

బొడ్రాయి పండుగకు పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ, ముందు పుట్టింట్లో చెప్పి, తర్వాత అత్తింటికి మనిషిని పంపి, బొట్టు పెట్టి పిలవాలి. వాళ్లొచ్చి బిందెతో రాయి మీద నీళ్లు పోయాలి. పిలుపు రాని ఆడపిల్లకు పుట్టినూరు లేనట్టే లెక్క. పండుగకు కొన్నాళ్ల ముందు ఆ గుంటూరామె మా అమ్మ దగ్గరికి వచ్చింది. నేను అప్పుడు ఊళ్లోనే ఉన్నాను. ఆమె చాలాసేపు పత్తి గురించీ వానల గురించీ మాట్లాడి, చివరికి లేవబోతూ అడిగింది.

"మా పిల్లని పిలుస్తారా వదినా? వాళ్ల అత్తగారు ఇప్పుడు రోజూ నీది ఏ ఊరని అడుగుతోందంట."

బావగారిని అడిగిస్తానంది మా అమ్మ. ఆమె పెళ్లయి వచ్చిన నాటి నుంచి బావగారి ఎదుట నోరు విప్పలేదు. అది మా వైపు మర్యాద. ఆయనకు ఏదైనా చెప్పాలంటే కొంగు నెత్తి మీదికి లాక్కుని మాలో ఒకరిని పిలిచి, ఆయన వింటుండగా మాకు చెప్పేది. మేం లేకపోతే బర్రెకు చెప్పేది. ఆ సాయంత్రం కూడా నన్ను పిలిచి, ఆ పిల్లను పిలవాలా వద్దా అని మీ పెద్దబాపును అడగమంది. ఆయన నా వైపు చూడకుండా మీసం సవరించుకున్నాడు.

"ఊరి బిడ్డంటే ఊరు పుట్టిచ్చినోళ్ల బిడ్డ. గాళ్లు మొన్న వచ్చిన్రు. మనం అడివి కొట్టినోళ్లం."

జాగ అమ్మినప్పుడు వాళ్లు మొన్న వచ్చినవాళ్లని ఎందుకు గుర్తురాలేదని అడిగాను. దీక్షలో కూర్చున్న మనిషితో మాట్లాడే పద్ధతి అది కాదన్నాడు. నాకు నవ్వు రాలేదు, అసహ్యం వేసింది. తిన్న సర్వపిండి అరగకముందే త్యాగి అయిన మనిషి, ఊళ్లో పుట్టిన పిల్లకు పుట్టినూరు లేకుండా చేస్తాడట.

పాత రాయిని తీసేనాడు ఊరంతా గుమిగూడింది. కొత్త రాయి పక్కనే ట్రాక్టరులో పూలదండ వేసుకుని పెళ్లికొడుకులా ఉంది. పంతులు పూజ చేశాడు, డప్పులు మోగాయి. పెద్దబాపు కొత్త పంచె కట్టి, మెడలో గులాబీ కండువాతో, గుంత తవ్వుతున్నవాళ్లకు మళ్లీ పులి కథ అందుకున్నాడు. ఆ రాయిని భుజాల మీద మోసుకొచ్చిన ఘట్టం నడుస్తుండగా రాయి కదిలింది. తాళ్లు కట్టి పైకి లాగారు. దాని అడుగున మట్టి తీస్తుంటే గడ్డపార ఠంగుమంది.

కింద ఇంకో రాయి ఉంది. పైదానికంటే వెడల్పుగా, అరిగిపోయి, కానీ నిలువుగా సరిగ్గా నడిమధ్యలో పాతి ఉంది. దాని చుట్టూ బూడిద, కుండ పెంకులు, ఒక విరిగిన తిరుగలి సగం. ఎవరో అక్కడ గింజలు విసురుకుని, వండుకుని, తిని, తమ ఊరికి బొడ్రాయి పాతుకుని ఉన్నారు. నరమానవుడు లేని అడివి అది. డప్పులు వాటంతటవే ఆగాయి. ముసలివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుంతలో ఉన్న ఒకతను నుదుటి చెమట తుడుచుకుని తల పైకెత్తాడు.

"ఇంక తవ్వుమంటవా పటేలా?"

అతను వెటకారానికి అడగలేదు, పని ఎంతవరకు అని అడిగాడంతే. జనం మాత్రం పగలబడి నవ్వారు. పెద్దబాపు తేలు కుట్టిన దొంగలా కండువా సర్దుకుని, బంద్ చెయ్యమన్నాడు. వెంటనే తేరుకుని, కింది రాయి కూడా మన పెద్దలదేనని, మన వంశం అనుకున్నదానికంటే పాతదని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గుంతలోంచి పులి ఎముకలు దొరకలేదు గానీ, దొరికితే వాటినీ మా ఇంటి లెక్కలో వేసుకునేవాడు.

అప్పుడు మా అమ్మ కుంకుమ పళ్లెం చేతిలోకి తీసుకుంది. పిలుపు మొదలయ్యేది ఆ రోజే, మొదలుపెట్టాల్సింది ఆమే. కొంగు నెత్తి మీదికి లాక్కుని, మగవాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని, ఊరి చివరి ఇంటి బాట పట్టింది. ఎక్కడికని పెద్దబాపు గట్టిగా అడిగాడు. ఆమె ఆగింది. ఆయన వైపు తిరగలేదు. నన్ను చూసింది.

"బిడ్డా, మీ పెద్దబాపుకు చెప్పు. మనం గూడ ఇంకొకళ్ల రాయి మీద రాయి పెట్టినోళ్లమే."

నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అందరూ విన్నారు.

కింది రాయిని కదపవద్దని ముసలివాళ్లు ఈసారి గట్టిగా పట్టుబట్టారు. దాని మీద పాత రాయినే మళ్లీ నిలబెట్టారు. పేరు చెక్కిన నల్లరాయి ట్రాక్టరు దిగి మా పెరట్లోకి చేరింది, ఇప్పుడు దాని మీద బట్టలు ఉతుకుతున్నారు. మా ఇంటి చరిత్ర ఎవరికైనా అక్కరకు వచ్చిందంటే అదొక్కటే.

పండుగనాడు ఆ పిల్ల హుస్నాబాద్ నుంచి వచ్చింది. అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. మా అందరితో పాటు బిందె ఎత్తుకుని వరసలో నిలబడి రాయి మీద నీళ్లు పోసింది. నీళ్లు పోసిన ప్రతి ఆడబిడ్డకూ మా ఇంటి పెద్ద రవికె గుడ్డ ఇచ్చి దీవించాలి. పెద్దబాపు అందరికీ ఇస్తూ, ఆ పిల్ల వంతు రాగానే మొహం పక్కకు తిప్పి చేయి మాత్రం చాపాడు. ఆమె వంగి ఆయన కాళ్లు మొక్కింది.

"మంచిగున్నవా పెద్దబాపు? మోకాళ్ల నొప్పులు తగ్గినయా?"

వాళ్లమ్మ మాట గుంటూరు మాటే, ఈ పిల్లది మాత్రం అచ్చంగా మా వాడ మాట. ఆయన ఉలిక్కిపడి ఆమెను చూశాడు. దీక్షలూ, అడివీ, పులులూ ఏవీ ఆ క్షణంలో ఆయనకు అందుబాటులో లేవనుకుంటాను. చిన్నప్పుడు తన అరుగు మీద ఆడిన పిల్ల అడిగితే ఏం చెప్పేవాడో అదే అలవాటుగా నోట్లోంచి వచ్చింది.

"తగ్గలే బిడ్డా."

పక్కనే నిలబడ్డ ఆమె అత్తగారు ఆ మాట విన్నది. ఇంటికి తిరిగి వెళ్లేదాకా కోడలిని నీది ఏ ఊరని అడగలేదట.