చెరకు తోట నుంచి వచ్చిన కట్టు

క్యాజువాలిటీలో నర్సింగ్ అసిస్టెంటంటే అందరికీ లోకువే. స్ట్రెచర్ తొయ్యడం, బట్టలు కత్తిరించడం, నెత్తురు తుడవడం, ఇవీ మా పనులు. చిత్తూరు వైపు ఒక ఆసుపత్రిలో పదకొండేళ్లు చేశాను. నోరు పెద్దది, చెయ్యి చురుకు అని నాకు పేరు. ఆ చురుకుతనమే ఒకరి కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం ఐరాల పక్కపల్లె నుంచి ఒకాయన్ని ఆటోలో తెచ్చారు. చెరకు కొడుతుంటే పాము కరిచిందట. మా వైపు పాము కరిస్తే ముందు కట్టు కట్టాలి, మిగతావన్నీ తర్వాతే. భార్య కొంగు చించి మోకాలి కింద కట్టింది. అది చాలదని ఎవరో దానిమీద ఎద్దు పలుపుతాడు బిగించారు. కాలు నల్లబడి మొద్దులా వాచింది.

భార్య చీటీ రాయించడానికి పోయింది. డాక్టరు పక్క బెడ్డు మీద యాక్సిడెంటు కేసులో ఉన్నాడు. సిస్టరు విరుగుడు మందు కోసం పరుగెత్తింది. పాము కరిచినాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"పాపా, కరిసిన సోటు కంటే ఈ కట్టు కాడే పానం పోతాండాది. రవ్వంత వదులు సెయ్యి తల్లీ."

మందు ఎక్కడం మొదలయ్యాకే, డాక్టరు ఎదుటే, మెల్లగా కట్టు వదులు చెయ్యాలి; లేకుంటే ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. ఆ సంగతి నాకు తెలీదా? ఎన్నిసార్లు చూడలేదు! కానీ అంత మనిషి ఏడుస్తున్నాడు. చేతిలో కత్తెర ఉంది. కత్తిరించేశాను.

"సల్లంగుండు తల్లీ" అన్నాడు. నిజం చెప్తున్నా, ఆ క్షణాన మురిసిపోయాను కూడా. కాసేపటికే రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. డాక్టరు వచ్చి గొంతులో గొట్టం వేశాడు, మందు ఎక్కించారు. సాయంత్రానికి పోయాడు.

తెగిన పలుపును నేనే చెత్తలో పడేశాను. దాని గురించి ఎవరూ అడగలేదు. నేను కట్టు తీసినందుకే పోయాడో, ఎట్లాగూ పోయేవాడో తెలీదు. డాక్టర్ని అడిగే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. డాక్టరు మాత్రం ఆలస్యంగా తెచ్చారని భార్య మీద కేకలేశాడు.

ఆమె వరండాలో గోడకు చేరగిలబడి కూర్చుంది. నేను నీళ్లిస్తే తాగలేదు.

"ఆటో దొరకక రోడ్డు మీద శానాసేపు నిలబడినాను పాపా. బిన్నా, ఇంకా ముందే తెచ్చుంటే బతికేవోడు కదా? నేనే సంపుకున్నా కదా?"

నోరు పెద్దదాన్ని కదా, కట్టు కత్తిరించింది నేనేనన్న ఆ ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. "అవునక్కా, బిన్నా తేవాల్సింది" అన్నాను.