బాపట్ల దారిలో చీలిన రబ్బరు గొట్టం

నలభై మూడో ఏట నేను హిందీ పరీక్షకు కట్టాను. అది నెగ్గితే మా రేపల్లె ఆడపిల్లల బడిలో హిందీ చెప్పే పని ఇస్తామన్నారు. తప్పితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి, అన్నాళ్ళు ఆ పని నాకోసం ఖాళీగా ఉండదు. పరీక్ష బాపట్లలో, మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలిలో మారితే పదకొండున్నరకల్లా బాపట్లలో దిగవచ్చు. ఛార్జీ రెండు రూపాయల లోపే. నేను అలాగే వెళ్దామనుకున్నాను. కానీ మా మరిది రత్నం ఆ మధ్యే ఒక పాత కారు కొన్నాడు. "ఇంట్లో కారు పెట్టుకుని రైల్లో వెళ్తారా వదినా? నాకు తెనాలిలో పనుంది, అది చూసుకుని మిమ్మల్ని బాపట్లలో దింపుతాను. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. మావారూ తల ఊపారు. ఆ నలుగురి కోసం నేను కారెక్కాను. ఆ తప్పు నాదే. మిగతావేవీ నావి కావు.

ఎనిమిదింటికి బయలుదేరాం. ముందు సీట్లో డ్రైవరు కోటయ్య, పక్కన రత్నం, వెనక నేనూ నా పుస్తకాలూ. ఎనిమిదిన్నరకు భట్టిప్రోలు దాటుతుంటే ఇంజన్‌లోంచి సన్నగా బుస్సుమని వినిపించింది. పదిహేనేళ్ళుగా పంపు స్టవ్ మీద వండుతున్నదాన్ని, గాలి కారే చప్పుడు నాకు తెలియదా? "కోటయ్యా, ఎక్కడో గాలి పోతోంది, ఒకసారి ఆపి చూడు" అన్నాను. రత్నం వెనక్కి తిరిగి నవ్వాడు. "వదినా, ఇది కారండి, మీ కిరసనాయిలు స్టవ్ కాదు." యజమాని నవ్వాడని కోటయ్యా నవ్వాడు. వేమూరు వచ్చేసరికి బండి లాగడం మానేసి కుదుపులు మొదలుపెట్టింది. జంపని దగ్గర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక నెమ్మది చేయగానే ఇంజన్ ఆగిపోయింది.

అక్కడ గంటన్నర పోయింది. కోటయ్య ప్లగ్గులు విప్పి తుడిచాడు. వేడెక్కిందేమోనని ఇంజన్ పక్కనుండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాడు. రత్నం గొడుగు కింద నిలబడి సలహాలు చెప్పాడు. నేను దిగబోతే, "ఎండగా ఉందండి అమ్మగారూ, లోపల కూర్చోండి" అన్నాడు కోటయ్య. లోపలేమన్నా చల్లగా ఉందా? ఒక బండి తోలే పెద్దాయన ఎడ్లను ఆపి, "ఏంటి బాబూ, మా ఎడ్లు కట్టమంటారా?" అన్నాడు. "నీ పని చూసుకోవయ్యా" అని రత్నం కసిరాడు. కట్టమందామనే నాకనిపించింది. చివరికి ఇంజన్ లేచింది కానీ, యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు చచ్చిపోతోంది. అలా ఈడ్చుకుంటూ తెనాలి చేరేసరికి పన్నెండు కావస్తోంది.

బస్టాండు వెనక ఒక షెడ్డులో ఆపారు. మెకానిక్కు మస్తాన్ ఇంకా బానెట్టు ఎత్తకముందే, "కార్బురేటరు పాడైంది, మొత్తం విప్పు" అని రత్నం తీర్పు చెప్పాడు. "విప్పి బిగించాలంటే రెండు గంటలండి" అన్నాడు మస్తాన్. రెండు గంటలు! బాపట్ల బస్సు కూడా ఒంటిగంటన్నరకు గానీ లేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. కారు దిగి, నోట్సు చివర ఖాళీ కాగితం సన్నగా చించి, ఇంజన్ దగ్గరికి వెళ్ళాను. "వదినా, చీర జాగ్రత్త" అన్నాడు రత్నం. "చీర సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పక్కకు జరుగు" అన్నాను. కోటయ్యను యాక్సిలరేటరు తొక్కి ఉంచమని, ఇంజన్ ఆడుతుండగా బుస్సుమన్న వైపంతా ఆ కాగితం దగ్గరగా పట్టుకుంటూ పోయాను. స్టవ్‌లో అయితే గాలి బయటికి తన్నుతుంది. ఇక్కడ చిటికెన వేలంత రబ్బరు గొట్టం ఒకటి కాగితాన్ని లోపలికి లాక్కుని అతికించుకుంది.

మస్తాన్ వంగి ఆ చోట బొటనవేలు నొక్కాడు. అంతే, దగ్గుతున్న ఇంజన్ నిమ్మళంగా తిరగసాగింది. "దొరికిందమ్మా. ఇది ఇంజన్ గాలి పీల్చే గొట్టం. అడుగున చీలింది, పైకి కనపడదు. అక్కర్లేని గాలి దూరి పెట్రోలు పలచనవుతోంది" అన్నాడు. "నేను పొద్దుటినుంచీ గాలి అనే అనుమానిస్తున్నా" అన్నాడు మా మరిది. నేనతని మొహంలోకి చూశాను. అతను కోటయ్య వైపు చూశాడు.

సరైన గొట్టం షెడ్డులో లేదు. మెత్తటి రబ్బరు ముక్క ఒకటి తొడిగితే, ఇంజన్ లేవగానే ఆ పీల్పుకు అది చదునుగా అణిగి మూసుకుపోయింది. "పీల్చినా అణగనిది కావాలి" అన్నాడు మస్తాన్. వెంటనే కోటయ్యను మందుల షాపుకు పంపి, ఎనిమా డబ్బాకు తగిలించే మందపాటి ఎర్ర గొట్టం తెప్పించాను. అడుగు ముక్క రూపాయి పావలా. "ఎనిమా గొట్టంతో కారు నడుస్తుందా?" అని రత్నం మొహం చిట్లించాడు. "తమరి కారుకు సరైన వైద్యం అదేనండి బాబుగారూ" అంటూ మస్తాన్ దాన్ని కొలతకు కోసి తొడిగి, రెండు కొసలా తీగ బిగించాడు. రత్నం తెనాలి పని పక్కనపెట్టి ఒంటిగంటకు కదిలాం. పొన్నూరు మీదుగా ఎక్కడా ఆగకుండా వెళ్ళి పరీక్ష జరిగే బడి ముందు దిగేసరికి రెండూ ఇరవై. రెండున్నర దాటితే లోపలికి రానివ్వరు.

గుమ్మంలో ఒక పెద్దావిడ రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోగా రత్నం వెనకనుంచి, "ఆడవాళ్ళ ప్రయాణం కదండీ, బయలుదేరడమే ఆలస్యం" అని నవ్వాడు. ఆ రోజు పడిన కష్టమంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఆవిడ నవ్వలేదు. "ఆలస్యానికి కారణం మీరే రాయండమ్మా" అని రిజిస్టరు నా వైపు తిప్పారు. నేను రాశాను: "కారు గొట్టం చీలింది. ఎనిమిదిన్నరకే చెప్పాను. వినలేదు." ఆవిడ చదివి, "వినలేదన్నది కూడా రాయాలా అండి?" అన్నారు. "అసలు కారణం అదేనండి" అన్నాను. ఆవిడ దాని కింద సంతకం చేసి, నాకు ప్రశ్నపత్రం ఇచ్చారు.

ఆరు ప్రశ్నలకు అయిదు రాయగలిగాను. ఆరోది నాకు బాగా వచ్చిందే, టైము లేక వదిలేశాను. ఆ అయిదుతోనే నెగ్గి బడిలో పనికి చేరాను కానీ, ఆరోదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కోపం తగ్గదు. తెలియకపోవడం తప్పు కాదు, ఆ మెకానిక్కుకూ మొదట తెలియదు. కానీ అతను చూశాడు, విన్నాడు. చెప్పింది ఎవరో చూసి వినాలో వద్దో తేల్చుకునేవాళ్ళతో దూర ప్రయాణం చేయడం కష్టం. కారులో బయలుదేరేవారికి ఒక్క మాట: డిక్కీలో మందపాటి రబ్బరు గొట్టం ఒక అడుగు ముక్క ఉంచుకోండి. కొనేముందు ఒక కొస వేలితో మూసి, రెండో కొస నోట పెట్టి గట్టిగా పీల్చి చూడండి. అణిగిపోతే అది పనికిరాదు.