గీత పైన ఉన్నది

నా చిన్నప్పుడు మా దాచేపల్లిలో అన్నిటికీ ఒకటే మాట, కరెంటు. బల్బు వెలిగితే కరెంటు వచ్చింది, ఆరితే పోయింది, ముట్టుకుంటే కొట్టింది. పదో తరగతి పుస్తకం మాత్రం దాన్ని ఓల్టేజీ, కరెంటు, నిరోధం అని మూడు ముక్కలు చేసింది. ఆ మూడూ బుర్రకెక్కక నేను ఏడుస్తుంటే పక్కింటి అక్క నేర్పింది. ఆమె పుట్టిల్లు కారంపూడి. ఇంటర్ దాకా చదివి మా పక్కింటికి కోడలిగా వచ్చింది. వరండాలో పరిచిన నాపరాళ్ల మీద సుద్దముక్కతో గీత గీసి, పైన ఓల్టేజీ, కింద నిరోధం రాసేది. పైదాన్ని కిందదానితో భాగిస్తే కరెంటు. ఆ కరెంటును ఓల్టేజీతో గుణిస్తే వాట్లు. "ఇంతేనే పిచ్చిదానా, దీనికి ఏడుపెందుకు" అనేది.

ఆ ఏడు వానాకాలంలో ఆమె భర్త దండెం పట్టుకుని చనిపోయాడు. ఆయన్ని నేను బావా అని పిలిచేదాన్ని.

దండెమంటే బట్టలారేసుకునే మామూలు ఇనుప తీగే. కట్టింది అక్క మామగారు, సున్నపురాయి క్వారీలో పనిచేసే మనిషి. స్తంభం నుంచి ఇంటికొచ్చే కరెంటు వైరును మోయడానికి ఒక ఇనుప తీగ ఉండేది. అది బిగించిన కొక్కేనికే ఆయన దండెం కొస కూడా చుట్టేశాడు. మా వీధిలో అందరూ అలాగే కట్టుకునేవాళ్లు. రాతిగోడలో ఇంకో కొక్కెం దిగడం అంత తేలిక కాదు. గాలికి ఒరుసుకుని వైరు పైతొడుగు ఎప్పుడు అరిగిందో, కరెంటు దండెంలోకి ఎప్పుడు పాకిందో ఎవరూ చూడలేదు. తీగ ముట్టుకుంటే జిల్లుమంటోందని బావ నవ్వుతూ చెప్పడం నేనూ విన్నాను. ఆ రోజు ఆయన స్నానం చేసి తడికాళ్లతో వస్తుంటే, అక్క పిండిన చొక్కా చేతికిచ్చి కాస్త ఆరెయ్యమంది.

అత్తగారికి ఆ మాట దొరికింది. రోజూ పట్టుకునే తీగ ఆ రోజే ఎందుకు చంపిందని ఎవరడిగినా, "తడిగుడ్డ చేతికిచ్చి పంపింది గదా మహాతల్లి" అనేది. చివరికి కోడల్ని పుట్టింటికి పంపేద్దామని తేల్చారు. అక్క ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఏదో ఒకటి అనవేం అని నాకు ఒళ్లు మండేది.

బస్సెక్కాల్సిన పొద్దున నేను పుస్తకం పట్టుకుని వెళ్లాను. లెక్క రాక కాదు, ఆమెను చూద్దామని. సంచి సర్దిపెట్టి ఉంది. అక్క పుస్తకం తెరవలేదు. సుద్దముక్క తీసుకుని నాపరాయి మీద గీత గీసి, పైన రెండు వందల ముప్ఫై వేసింది. కింద లక్ష వేసి, "ఇది పొడి చెయ్యి" అంది. జవాబు చుక్క తర్వాత రెండు సున్నాలు దాటాక గానీ మొదలు కాలేదు. "జిల్లుమంటుంది, అంతే." పక్కనే ఇంకో గీత గీసి కింద వెయ్యి వేసింది. "ఇది తడి చెయ్యి." ఈసారి వచ్చింది పాయింట్ రెండు మూడు. దాన్ని ఓల్టేజీతో గుణిస్తే యాభై మూడు వాట్లు కూడా నిండలేదు. తల ఎత్తి వరండాలో వేలాడే అరవై వాట్ల బల్బును చూసింది.

"దానికి కూడా చాలదే ఇది. మనిషికి చాలింది" అంది. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా, "అత్తమ్మ చెప్పింది నిజమే. తడే చంపింది" అంది.

మంచం మీదున్న మామగారు ఇదంతా వింటున్నాడని మాకు తెలియదు. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. లేచి వచ్చి, గొంతుక్కూర్చుని ఆ అంకెల్ని చూశాడు.

"కింద రాసింది తడీ పొడీ. పైనుండేది ఏందమ్మా?"

"ఓల్టేజీ మామయ్యా. తీగలో ఉండేది."

"అది సున్నా అయితే?"

అక్క పైనున్న అంకెను వేలితో తుడిచి సున్నా చుట్టింది. "అప్పుడు కింద ఏదున్నా సున్నానే మామయ్యా" అంది.

"మరి గుడ్డలారేసే తీగలో అదెందుకుండాల?"

ఆ ప్రశ్న అక్కను అడిగింది కాదు. ఆయన లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. "ఏమే, ఇట్రా. ఆ తీగ ఆడ కట్టింది నేను. జిల్లుమంటందని వాడు చెప్పినా ఇనకుండా ఊరుకుంది నేను. తడి చొక్కా ఆరెయ్యమనటం చానా ఇళ్లల్లో ఉండేదే. ఇంకెవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

అత్తగారు గుమ్మంలో నిలబడి ఆ రాతి మీద రాతల్ని చూసింది. చదువు రాని మనిషి, ఏం అర్థమైందో తెలియదు. అత్తగారే అక్క సంచిని లోపలికి తీసుకెళ్లింది.

ఆ ఇంట్లో మళ్లీ దండెం కట్టలేదు. బట్టలు ప్రహరీ రాళ్ల మీద పరిచేవాళ్లు. కొక్కేన్ని మాత్రం మామగారు పీకనివ్వలేదు. సాయంత్రాలు దాని కిందే కూర్చుని పైకి చూస్తుండేవాడు. ఆ చూపు నన్నింకా వదల్లేదు. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ తాడే, అయినా బట్ట వేసే ముందు, జిల్లుమంటుందేమోనని వేళ్ల వెనకవైపుతో తాకి చూస్తాను.

ఎక్కడైనా ఏదైనా జరిగి, అంతా ఆ ఆడదాని వల్లేనని నలుగురూ అంటున్నప్పుడు ఆ నాపరాయి నా కళ్లముందుకొస్తుంది. గీత పైన ఏముందని అడుగుతాను. అడగడం నాకు అలవాటైంది. పైన ఉన్నది నాదేనని చెప్పే అలాంటి మామయ్యను మాత్రం ఇంకెక్కడా చూడలేదు.