మగ్దలీనమ్మకు అర్థంకాని నవ్వు

ఎదుటి మనిషి మొహం చూసి లోపలి సంగతి చెప్పడంలో తర్లుపాడు పాలెంలో మగ్దలీనమ్మను మించినవాళ్ళు లేరు. మిరపచేను గట్టు మీద ఆసామి తల కనిపిస్తే చాలు, "ఈపొద్దు ఇంట్లో పోట్లాడి వచ్చినాడు, గమ్మున కోయండే" అనేది. పది నిమిషాల్లో ఆయన ఎవరో ఒకరి మీద విరుచుకుపడేవాడు. తోటి కూలీలు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి కన్నకూతురే కొరుకుడు పడలేదు. ఏంజెల్‌కు పదమూడేళ్ళు. మాటలు తక్కువ, పిలిస్తే తిరిగి చూడదు. ఆటిజమని డాక్టరు చెప్పి చాలా ఏళ్ళయింది. నవ్వకూడని చోట నవ్వుతుందని ఆ పిల్లకు ఊళ్ళో పేరు పడింది. నాయనమ్మ శవపేటిక పక్కన నిలబడి పకపకా నవ్వింది. ఆ రోజు మగ్దలీనమ్మ, అత్త పోయినందుకు ఏడ్చిన దానికంటే చుట్టూ ఉన్నవాళ్ళ చూపులకు ఏడ్చిందే ఎక్కువ.

ఏంజెల్ కుదురుగా ఉండేది ఒక్క జెస్సీ దగ్గరే. జెస్సీ, మగ్దలీనమ్మ భర్త ఎజ్రాకు చెల్లెలు. అదే వీధిలో కాపురం. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఏంజెల్ ఆ మిషను పక్కనే కూర్చుని గుడ్డముక్కలను రంగుల ప్రకారం పేర్చుకుంటూ ఉంటుంది. చేను నుంచి వచ్చిన తల్లి పిలిస్తే కదలదు. "ఏంజీ, అమ్మొచ్చింది, పో" అని జెస్సీ అంటే లేస్తుంది. తన బిడ్డను తనకు ఇంకొకరు దయతలచి ఇస్తున్నట్టు మగ్దలీనమ్మకు అనిపించేది. జెస్సీ కుట్టిన గౌను బాగుందని చర్చిలో నలుగురూ అన్నందుకు, మరునాడు ఆ గౌనును బండకేసి అది చిరిగేదాకా ఉతికింది.

మార్కాపురంలో ఇలాంటి పిల్లలకు పాఠాలు చెప్పే కేంద్రం ఒకటుంది. అక్కడికి రమణి అనే అమ్మాయి పరిశోధన కోసం వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలు ఇతరుల భావాలను ఎలా గుర్తిస్తారో చూస్తుందట. రమ్మని కబురొస్తే ఎజ్రా అందరినీ తన ఆటోలో తీసుకువెళ్ళాడు. జెస్సీ ఎక్కితేగానీ ఏంజెల్ ఆటో ఎక్కలేదు. ఆ సంగతి కూడా మగ్దలీనమ్మకు మింగుడుపడలేదు.

మొదట మనుషుల మొహాల ఫోటోలు చూపించారు. ఏది కోపం, ఏది దిగులు అని అడిగితే ఏంజెల్ ఫోటో అంచులు తడుముతూ కూర్చుంది. మగ్దలీనమ్మ మాత్రం ఒక్కటీ తప్పకుండా చెప్పేసింది. "భలే చెప్పావక్కా!" అని రమణి మెచ్చుకుంటే జెస్సీ వైపు ఓరగా చూసింది.

తర్వాత రమణి ఇంకో సంగతి చెప్పింది.

"మన మొహాలు ఈ పిల్లలకు అర్థం కావంటాం కదక్కా. వాళ్ళ మొహాలు మనకెంత అర్థమవుతాయో కూడా చూడాలి. ఇందాక మీరంతా బయట ఉన్నప్పుడు మీ పాపను వీడియో తీశాను. ఒకసారి ఇష్టమైన రిబ్బన్లు ఇచ్చాను. ఒకసారి, పాపకు బుడగంటే భయం కదా, పక్కన బుడగ ఊదాను, పగలనివ్వలేదులే. శబ్దం రాదు. మొహం చూసి ఏది ఎప్పటిదో చెప్పు."

తెర మీద ఏంజెల్ నోరంతా తెరిచి నవ్వుతోంది.

"రిబ్బన్లిచ్చినప్పుడు. చూడు, ఎంత సంతోషమో!" అంది మగ్దలీనమ్మ.

రెండో దాంట్లో ఏంజెల్ నిద్రమొహంతో ఉంది. అది బుడగప్పటిదేనంది, ఇంకేం మిగల్లేదు గనుక.

తర్వాత జెస్సీని లోపలికి పిలిచారు. జెస్సీ బయటికి రాగానే మగ్దలీనమ్మ రమణిని పట్టుకుంది. "మా ఆడబిడ్డ ఎట్ల చెప్పింది మేడమ్?"

"ఒకరిది ఇంకొకరికి చెప్పకూడదక్కా" అంది రమణి. కానీ ఆ అమ్మాయి కళ్ళు ఒక్క క్షణం పక్కకు తప్పుకున్నాయి. మగ్దలీనమ్మకు అంతకంటే ఏం కావాలి? జెస్సీ సరిగ్గా చెప్పింది. తను తప్పింది.

ఆటోలో ఆగలేక అడిగేసింది. "నవ్వేదాన్ని చూసి ఏమని చెప్పినావే?"

"బుడగప్పటిదని చెప్పినా వదినా. భయమేస్తే దానికి నవ్వొస్తాది. గొంతు దగ్గర నరం ఉబ్బుతాది చూడు."

"నువ్వే కన్నట్టు చెప్తాండావే!"

జెస్సీ మొహం తిప్పుకుంది. ఎజ్రా అద్దంలోంచి భార్యను చూశాడు.

మరునాడు మగ్దలీనమ్మ పిల్లను జెస్సీ ఇంటికి పంపలేదు. తనతో చేనుకు తీసుకుపోయింది. పక్క మడిలో మందుకొట్టే పంపు మొదలవగానే ఏంజెల్ నవ్వడం మొదలుపెట్టింది. "ఏందే, పిల్ల అట్ల నవ్వుతాంది?" అని ఎవరో అన్నారు. అలవాటుగా మగ్దలీనమ్మ ముందు ఆ ఆడవాళ్ళ మొహాలు చూసింది. తర్వాత కూతురి గొంతు వైపు చూసింది. నరం తాడులా లేచి ఉంది.

కోసిన కాయలు అక్కడే పారేసి, పిల్ల రెక్క పట్టుకుని పంపు మోత వినిపించనంత దూరం నడిచింది. ఏంజెల్ నవ్వు మెల్లగా తగ్గి ఆగిపోయింది. ఆ నవ్వుకు తను ఎన్నిసార్లు మూతి మీద కొట్టిందో తలుచుకుని మగ్దలీనమ్మ కందిచేను గట్టు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ కూతురు నవ్వినప్పుడల్లా తను చూసింది ఊళ్ళోవాళ్ళ మొహాలనే.

సాయంత్రం మగ్దలీనమ్మ వెళ్ళి జెస్సీ ఇంటి గుమ్మంలో నిలబడింది.

"నిన్ను చూస్తే నాకు మంట జెస్సీ."

"తెలుసొదినా."

"ఎట్ల తెలుసు?"

"నీ మొహం చూసి చెప్పేదానికి చదువు కావాల్నా?" అంటూ జెస్సీ మిషను ఆపింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

"దాని గురించి నీకు ఇంకేమేం తెలుసో అన్నీ చెప్పు" అంది మగ్దలీనమ్మ.

జెస్సీ చెప్పింది. సంతోషమైతే మొహం నిద్రమొహంలా వదులవుతుందట. అలిగితే కాలి బొటనవేలు నేలకు రుద్దుతుందట. ఒక్కొక్కటి వింటుంటే మగ్దలీనమ్మకు ఎక్కడో కోసినట్టయింది. అయినా చివరిదాకా వింది.

ఈర్ష్య పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ ఏంజెల్ మేనత్త వెంటే ఉంటుంది. కాకపోతే, "ఏంజీ, అమ్మొచ్చింది, పో" అని జెస్సీ అనబోతే మగ్దలీనమ్మ చెయ్యి అడ్డం పెడుతుంది. "ఉండనీలే, ఇంకా దాని పని కాలేదు" అని, చేనుమట్టి కాళ్ళతోనే వాళ్ళ పక్కన చతికిలబడుతుంది.