పోటు మీద విసిరిన సానరాయి

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. బస్సు ఎక్కడికి వెళ్తుందో తెలియాలన్నా పక్కవాళ్ళ ముఖం చూడాల్సిందే. నలభై దగ్గరపడ్డాక, పదో తరగతి చదివే మా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, తన చిన్నప్పుడు నేను తిట్టిన తిట్లు ఒక్కటీ మరిచిపోకుండా నాకే తిరిగి అప్పజెబుతూ రాయడం నేర్పింది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ నోటితోనే చెబుతూ వచ్చాను. వినేవాళ్ళు సగంలోనే "ఓలమ్మో!" అని లేచిపోయేవారు. రాసేస్తే ఎవరు లేచిపోయినా నాకు కనబడరు, అదొక సుఖం.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మాది కళింగపట్నం. మా ఆయన గుజరాత్ బోట్ల మీద పనికి పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. ఇంట్లో నేను, మూడేళ్ళ పిల్ల, అత్త, మావ. అత్త శ్రీకాకుళం చేపల బజారులో కత్తిపీట ముందు కూర్చుని, కొన్నవాళ్ళకు చేపలు కోసిచ్చేది. ఆ కోతే మా ఇంటికి అన్నం. ఆవిడ దగ్గర అరచేతికి కాస్త పెద్దదైన సానరాయి ఒకటుండేది, కన్నవారింటి వైపు వంశధార ఇసుకలో ఏరి తెచ్చుకున్నది. పీటకు బిగించిన కత్తి కదలదు కాబట్టి, రాయినే తడిపి కత్తి వంపు వెంట నడిపించాలి. ఏళ్ళ తరబడి అలా నడిచి నడిచి ఆ రాయి మధ్యలో గుంటపడి, సరిగ్గా ఆ కత్తి వంపులో ఒదిగిపోయేది. ఇంకే రాయీ ఆ కత్తికి పనికొచ్చేది కాదు. నాకు నూరడం నేర్పుతూ అత్త పక్కనే నిలబడేది. "ఒసే గుంటా, కత్తి నూరతన్నావా, ఇల్లలుకుతన్నావా? గోరానించి సూడు. జారిపోతే మొద్దు, అంటుకుంటే పదును." నేను ఆనించి, "అత్తా, గోరు తెగిపోనాది" అని ఏడిస్తే, "తెగితే తెగనీ, పదునొచ్చినాదా నేదా?" అనేది.

అలాంటి మనిషికి ఒకరోజు బజారులో జెల్ల చేప ముల్లు కాలికి గుచ్చుకుంది. ఒంట్లో సుగరుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కాలు నల్లబడింది. ఆసుపత్రి మంచం మీద ఆవిడ నాతో అన్న ఆఖరి మాట పిల్ల గురించీ కాదు, మావ గురించీ కాదు. "బజారులో నా సోటు ఒగ్గీకు. ఒక్కసారి ఒగ్గీసినావంటే మరి రాదు." తెల్లారేసరికి పోయింది. మా ఆయనకు కబురు చేస్తే, బోటు సముద్రంలో ఉందన్నారు.

గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసే మా బావ, అంటే మా ఆయన అన్న, కర్మలు చేయడానికి వచ్చాడు. మా ఇళ్ళలో పోయినవాళ్ళ పేరు మీద ఏటి ఒడ్డున ఒక రాయిని నిలబెట్టి, పసుపు రాసి, పదోరోజు దాకా దానికే ముద్ద పెట్టి, ఆఖరికి నీళ్ళలో వదిలేస్తారు. బావ మంచి రాయి కోసం వెతుక్కునే శ్రమ పెట్టుకోలేదు. పెరట్లో నున్నగా కనబడినదాన్ని పట్టుకుపోయాడు. నేను వెళ్ళేసరికి మా సానరాయి పసుపూ కుంకాలతో ఏటి ఒడ్డున పందిరి కింద కూర్చుని ఉంది. చుట్టూ చుట్టాలందరూ "అమ్మా, అమ్మా" అని దాన్ని పట్టుకుని ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. (అత్త కోసమో, రాయి కోసమో అప్పుడు నాకే తెలియలేదు.)

కాస్త సద్దుమణిగాక అడిగాను. "బావా, అది అత్త కత్తి నూరే రాయి. వేరే రాయి పెడితే కాదేటి?"

"అమ్మని అందులో కూకోబెట్టేసినాం కదమ్మా! ఇప్పుడు లేసి ఇంకో దాన్లోకి ఎల్లమంటావేటి? బస్సులో సీటా అది?"

మావ చుట్ట కాలుస్తూ ఏటి వైపు చూశాడు.

ఈలోగా బజారు నుంచి కబురొచ్చింది. అత్త చేత రోజూ కోయించుకునే హోటలాయన, మైల తీరిన మర్నాడు పొద్దున్నే వస్తాడట. నా కోత నచ్చితే పని నాకే, లేకపోతే అత్త పక్కన కూర్చుని చేపలు కోసే అక్కకి. ఆ అక్క అప్పటికే తన తట్టను మా చోట్లోకి జరిపేసిందని కూడా కలిపి చెప్పారు. నేను దొరికిన రాయల్లా తెచ్చి కత్తికి రాశాను. ఇటుక రాశాను, సిమెంటు గట్టు పెచ్చు రాశాను. కత్తి గీతలు పడింది గాని పదునెక్కలేదు. కానాగంత చేప మీద పెట్టి చూస్తే తోలు తెగకుండా చిరిగింది.

పదోరోజు మధ్యాహ్నం సముద్రం పోటు మీదుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ నిండుగా ఉంది. బావ మోకాలి లోతు నీళ్ళలో దిగి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "ఆటు సూసుకుని, లోపలికెల్లి ఎయ్యాలిరా" అని మావ గొణిగాడు.

"ఆటూ పోటూ సూత్తే నా బస్సు ఎల్లిపోతాది నాన్నా" అంటూ బావ రాయిని భుజం మీదుగా విసిరేశాడు. బుడుంగుమంది. అందరం వెనక్కి చూడకుండా నడిచాం. వెనక్కి చూస్తే పోయినవాళ్ళు వెంట వస్తారంటారు. (మా అత్త రాదలుచుకుంటే నా చూపు కోసం ఆగే మనిషి కాదు.)

మర్నాడు తెల్లవారుతుండగా మొద్దుకత్తిపీట చంకన పెట్టుకుని, ఆటో వచ్చేలోగా ఇంకేదైనా రాయి దొరుకుతుందేమోనని ఏటి మొగకి వెళ్ళాను. ఆటు తగిలి నీళ్ళు ఎంతో దూరం తగ్గిపోయాయి. తడి ఇసుకలో, అందరికీ కనబడేలా, మా సానరాయి కూర్చుని ఉంది. ఎదురుగా బోర్లించిన తెప్ప మీద మావ.

"సూసినావా, ఎల్లనేదు" అన్నాడు.

"భయమేస్తంది మావా."

"నాకూ ఏస్తంది. పెళ్ళైన కాడి నుంచీ ఏస్తంది." కళ్ళు తుడుచుకున్నాడు. "తియ్యి, ఆటో వచ్చేస్తాది."

"బావ అడిగితే?"

"ఆడికి ఆటు సంగతి తెలిస్తే గదా అడగడానికి!"

వంగి రాయిని తీశాను. పసుపు పైనంతా పోయింది గాని గుంటలో ఇంకా ఉంది. మనిషిని కూర్చోబెట్టిన రాయి. ఇంట్లో పిల్లకు పొద్దుటి గంజి కూడా పక్కింటివాళ్ళు పోసిందే. ఆ వయసులో నాకు అంత పొగరెక్కడిదని ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటాను గాని, ఆ పొద్దున్న నవ్వు లేదు. ఇసుకలో పీట వేసి, కాలితో తొక్కిపెట్టి, రాయిని ఏట్లో ముంచాను. "అత్తా, కాస్త జరుగు. పనికెల్లాల" అని గట్టిగానే చెప్పి కత్తి వెంట నడిపించాను. మొదట పసుపు నీళ్ళు కారాయి. తరువాత మామూలు బూడిదరంగు నీళ్ళే. ఆటో హారన్ కొట్టేదాకా నూరి, బజారుకెళ్ళి, పక్కన కూర్చునే అక్క తట్టను రెండు చేతులతో పక్కకు పెట్టి, అక్కడ కూర్చున్నాను.