సరోజ మానేసిన క్రీము

1991 ఎండాకాలంలో నన్ను సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రికి చర్మవ్యాధుల డాక్టరుగా వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. ప్రభుత్వ వైద్యంలో డాక్టరుకు అదే మొదటి మెట్టు. మా గది తలుపు మీద ‘చర్మ, సుఖవ్యాధుల విభాగం’ అని రాసి ఉండేది. ఆ రెండో మాట వల్ల మా గది ముందు వరుసలో నిలబడడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఆడవాళ్లయితే పక్కనున్న పళ్ల డాక్టరు గది ముందు కూర్చుని, మా దగ్గర ఖాళీ అయినప్పుడు గబుక్కున లోపలికి వచ్చేవారు. తామర, గజ్జి, తెల్లమచ్చలు, పొలానికి మందు కొట్టినప్పుడు లేచే దద్దుర్లు, రోజూ చూసేవి ఇవే. పల్లెల నుంచి వచ్చే ఈ జనంలో ముఖానికి క్రీములు రాసుకునేవారు ఎంతమంది ఉంటారులే అనుకునేదాన్ని.

సరోజ వచ్చింది ఆ ఏడాది వానలు మొదలయ్యాక. ముప్పై దాటిన మనిషి. కొంగు తల మీదుగా తెచ్చి పళ్లతో బిగబట్టింది. కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. వెంట వచ్చిన భర్త రాఘవులు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎక్కడి నుంచి వచ్చారంటే మిర్యాలగూడ అన్నాడు. అక్కడ డాక్టర్లు లేరా, ఇంత దూరం బస్సులో ఎందుకని అడిగాను.

“గాడ అందరు ఎరికైనోళ్లే మేడమ్,” అన్నాడు, నేల చూస్తూ.

కొంగు తీయమన్నాను. ఆమె చాలాసేపు తటపటాయించి తీసింది. బుగ్గలు, గడ్డం కమిలి ఎర్రగా ఉన్నాయి. చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింది రక్తనాళాలు దారాల్లా తేలాయి. నోటి చుట్టూ చీముపొక్కులు, చెంపల మీద నూగు. ఎండలోకి పోయినా, పొయ్యి ముందు నిలబడ్డా మంటలు పుడుతున్నాయట. ఏం రాస్తున్నావని అడిగితే, “ఏం లేదండి, పసుపు, శనగపిండి అంతే,” అంది. ఆమె పుట్టిల్లు కోదాడ. మాట కాస్త ఆంధ్రా వైపు వాలుతుంది.

పసుపు రాస్తే చర్మం అలా అవదు. అది స్టెరాయిడ్ క్రీము పని. దురదను, వాపును తొందరగా అణిచే మందది. తగిన రోగానికి, తగినన్ని రోజులు వాడితే మంచిదే. రోజూ ముఖానికి రాస్తే మొదట మచ్చలు తేలిపోయి ముఖం నున్నగా మెరుస్తుంది. అందుకే తెల్లబడే క్రీమని పొరపడతారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. ఆపితే మంట తిరగబెడుతుంది, మళ్లీ రాస్తే చల్లబడుతుంది. ఇక మానడం కష్టం.

క్రీము ట్యూబు పేరు అడిగాను. ఆమె గుమ్మం వైపు చూసింది. రాఘవులును బయట బెంచీ మీద కూర్చోమని తలుపు వేశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“ఆయన పరువు పోతుంది డాక్టరమ్మా,” అంది చివరికి.

రాఘవులుకు మిర్యాలగూడలో మందుల షాపు ఉంది. ఫార్మసీ చదివినవాడు. రెండో కాన్పు తర్వాత సరోజ బుగ్గల మీద మంగు వచ్చింది. కాన్పులప్పుడు, ఎండ తగిలినప్పుడు గోధుమరంగులో పరుచుకునే మచ్చ అది. అత్తగారు మాత్రం ఇంటికి మంగుశని పట్టిందని, పేరంటాల్లో ముందుకు రావద్దని సాధించేది. భార్య బాధ చూడలేక రాఘవులు షాపులో నుంచి ఒక ట్యూబు తెచ్చి ఇచ్చాడు. మచ్చ పోయింది. ముఖం తేటపడింది. వాడకట్టులో ఆడవాళ్లు ఏం రాస్తున్నావని అడిగితే సరోజ దాచుకోలేదు. మా ఆయన షాపులోదేనని గర్వంగా చెప్పింది. అందరూ కొన్నారు. పెళ్లీడు పిల్లల కోసమూ కొన్నారు.

“నన్ను చూసే కొన్నారండి. ఇప్పుడు వాళ్ల మొహాలు గూడ ఇట్లనే అయితన్నయ్. ఎవరన్నా ఎదురొస్తే సందులోకి తప్పుకుంటన్నా. ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలండి?”

అన్ని నెలలూ ఆమె కొంగు చాటున తిరిగింది ఇందుకన్నమాట.

రాఘవులును లోపలికి పిలిచాను. అడగకముందే జేబులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని దాని మీద సన్న అక్షరాల్లో ఉంది.

“సదివిన మేడమ్. సదివే అమ్మిన. అందరు అమ్ముతున్నరు గదా అనుకున్న,” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. భార్య వైపు తలెత్తి చూడలేకపోయాడు.

ముఖానికి పొద్దున ఒక తీరు, రాత్రి ఒక తీరు అని చెబితే ఆ రోజుల్లో నవ్వేవారు. అందుకని రోజూ చేసుకునే పనులకే ముడిపెట్టి చెప్పేదాన్ని. పొద్దున పళ్లు తోముకున్నాక ముఖం చన్నీళ్లతో కడగాలి. సబ్బు వద్దు, నలుగుపిండి వద్దు, నిమ్మకాయ అసలే వద్దు. మెత్తని నూలుబట్టతో అద్దుకోవాలి, రుద్దకూడదు. చర్మం మీద తడి ఉండగానే పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే ఆ తేమ నిలుస్తుంది. బయటికి పోవాలంటే జింక్ ఆక్సైడ్ కలిపిన తెల్లటి పూత, పైన గొడుగు. రెండూ ఎండను అడ్డుకోవడానికే. రాత్రి వంటింటి పని ముగిశాక పొగ, చెమట, పొద్దుటి పూత పోయేలా కడిగి, జెల్లీ ఒక్కటే రాసుకుని పడుకోవాలి. పొక్కులు తగ్గడానికి మాత్రలు రాశాను.

ట్యూబు మానగానే ముఖం ఇప్పటికంటే ఘోరంగా అవుతుందని, కొన్ని వారాలు అద్దం చూసుకోబుద్ధి కాదని కూడా చెప్పాను. ముందే చెప్పకపోతే మందు వికటించిందనుకుని మళ్లీ ట్యూబు అందుకుంటారు. అది ఇంట్లో కనబడకూడదన్నాను.

“ఇంట్ల ఉండది మేడమ్,” అన్నాడు రాఘవులు.

“షాపులో?” అని సరోజ అడిగింది.

అతను బల్ల మీది ట్యూబు తీసి జేబులో వేసుకున్నాడు.

రమ్మన్న రోజుకు సరోజ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మంటకు తాళలేక పాత దారే పట్టి ఉంటుందనుకున్నాను. అలాంటప్పుడు మిర్యాలగూడ నుంచి యాదమ్మ అని ఒకామె వచ్చింది. బియ్యం మిల్లులో కూలికి పోయే మనిషి. ఆమె బుగ్గలూ అలాగే కమిలి ఉన్నాయి. ఎవరు పంపారని అడిగాను.

“మందుల షాపు సరోజమ్మ. ఆమె మొహం సూస్తె భయమైంది డాక్టరమ్మా. ఉడికిన టమాట లెక్క అయింది. గట్లనే షాపుల గల్లా కాడ కూసున్నది, కొంగు సుత కప్పుకోలె. ట్యూబు ఇయ్యిమంటె, నా మొహం సూసి కొన్నరు గదా, ఇప్పుడు గూడ సూడున్రి అన్నది.”

“నువ్వేమన్నావ్?”

“తిట్టిన. మెరిసినప్పుడు సెప్పినవ్, మాడినంక సెప్తున్నవా అని నోటికొచ్చినట్టు తిట్టిన. నా బిడ్డకు గూడ రాసిన గదా! తల వంచుకొని పడ్డది గని లేసి పోలె. మొగడు లోపలికి పొమ్మన్నడు. ఇనలె. ఇగ ఆయనే మందుల బీరువ ఎన్కకు పోయి నిలవడ్డడు.”

కూతుర్ని ఎందుకు తీసుకురాలేదని అడిగితే యాదమ్మ కళ్లు దించుకుంది. ఆ బోర్డున్న గదిలోకి పెళ్లికాని పిల్ల వచ్చిందని తెలిస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారట. ఆ పిల్లను మరో వారం పళ్ల డాక్టరుకని చెప్పి తీసుకొచ్చింది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కోదాడ నుంచి సరోజ చుట్టాలూ వచ్చారు. వాళ్లు రాసుకున్నవి పండుగలకు పుట్టింటికి పోయినప్పుడు ఆమె పంచిపెట్టిన ట్యూబులే. కొందరికి పూర్తిగా తగ్గింది. కొందరు మంట ఓర్చుకోలేక వేరే షాపులో అదే ట్యూబు కొనుక్కున్నారు. యాదమ్మ బిడ్డ బుగ్గల మీది ఎర్రటి గీతలు నేనక్కడ ఉన్నంతకాలం పోలేదు.

దసరా తర్వాత సరోజ వచ్చింది. కొంగు భుజం మీదే ఉంది. ఎర్రదనం చాలావరకు తగ్గింది. మంగు మాత్రం పలచగా మళ్లీ వచ్చింది. అత్తగారు శని మాట మళ్లీ ఎత్తుకుందట. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, షాపు వదిలితే ఆయన ఎవరికైనా ఇచ్చేస్తాడేమోనని భయపడ్డానంది. మంట ఎలా ఉందని అడిగాను.

“మొహంది తగ్గిందండి. యాదమ్మ బిడ్డ కనిపిస్తే మాత్రం ఇప్పటికీ తల ఎత్తలేను.”

జెల్లీ, గొడుగు మానవద్దని చీటీ రాసిచ్చాను.

కొన్నాళ్లకు కుష్టు పరీక్షల శిబిరానికి మిర్యాలగూడ వెళ్లినప్పుడు ఆ షాపు ముందు నుంచి పోయాను. రాఘవులు నన్ను చూసి లేచి నిలబడ్డాడు కానీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చీటీ లేకుండా ఆ ట్యూబు ఇవ్వడం మానేశాడని, బేరం సగం పక్క షాపుకు పోయిందని నా వెంట ఉన్న నర్సు చెప్పింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ముఖం చెడి వచ్చినవాళ్లను ఏం రాస్తున్నారని అడిగేముందు, వెంట వచ్చినవారిని బయటికి పంపేదాన్ని. ముందు ఏం మానాలో చెప్పి, పొద్దున ఏం రాయాలో, రాత్రి ఏం రాయాలో తర్వాత చెప్పేదాన్ని. ఆ ట్యూబు నీకెవరిచ్చారు అనే ప్రశ్నతో ఆగకుండా, నువ్వు ఎవరెవరికిచ్చావు అని కూడా అడిగేదాన్ని. చాలామంది తల వంచుకునేవారు. ట్యూబు పుచ్చుకున్నవాళ్లను కూడా తీసుకురమ్మని చెప్పి పంపేదాన్ని.